తెలుగువాళ్ళు లేని ఊళ్ళో ఆపరేషన్

అయోవాలో మొక్కజొన్న చేల మధ్య ఉన్న ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో పంతొమ్మిదేళ్ళు పనిచేసి మొన్ననే రిటైరయ్యాను. నా ఉద్యోగం పేరు బేరియాట్రిక్ కోఆర్డినేటర్. లావు తగ్గడానికి కడుపు చిన్నది చేయించుకునే ఆపరేషన్ ఒకటుంది. దానికోసం వచ్చేవాళ్ళను మొదటి ఫోన్ దగ్గర నుంచి చివరి కుట్టు మానేదాకా వెంట ఉండి నడిపించడం నా పని. గుంటూరులో నర్సింగ్ చదివినదాన్ని. మా ఆయన మూర్తి గారు మొక్కజొన్న విత్తనాల మీద పరిశోధన చేసే శాస్త్రవేత్త కాబట్టి ఈ ఊరు తప్పలేదు. ఆయనకి చేలు, నాకు పొట్టలు.

నా కుర్చీలోకి వచ్చే అమ్మాయికి ఆసుపత్రివాళ్ళు ఇటికంత మాన్యువల్ ఇచ్చారు. అందులో అన్నీ ఉన్నాయి, ఉద్యోగం తప్ప. మన పిల్లలు కూడా ఇప్పుడు ఈ దేశంలో ఆసుపత్రి పనుల్లోకి చాలామంది వస్తున్నారు. వాళ్ళ కోసం, ఆ మాన్యువల్‌లో లేనివి నాలుగు ఇక్కడ రాస్తున్నాను. నా ప్రమోషన్ల గురించి అడగకండి. వచ్చింది ఒకటే, దాంతో జీతం పెరగలేదు, మీటింగులు పెరిగాయి.

తిండి గురించి ఎవరూ నిజం చెప్పరు

ఇందులో తెల్లవాళ్ళు, మనవాళ్ళు అన్న తేడా లేదు. రోజుకి ఎన్ని కూల్‌డ్రింకులు తాగుతావంటే "ఒక్కటే" అంటాడు ఇక్కడి రైతు. ఆ ఒక్కటీ బకెట్టంత ఉంటుందని మాత్రం చెప్పడు. మనవాళ్ళ అబద్ధాలు వేరు. వాటికి శాస్త్రం, సంప్రదాయం రెండూ అండగా ఉంటాయి.

పక్క రాష్ట్రం నుంచి వచ్చిన ఒక తెలుగు పెద్దాయనకి ఆపరేషన్ రోజు పరగడుపున రావాలని నాలుగుసార్లు చెప్పాను. నాలుగుసార్లూ తల ఊపాడు. ఆ పొద్దున మత్తు ఇచ్చే డాక్టరు ఏమైనా తిన్నారా అని అడిగితే ఏమీ తినలేదన్నాడు. ఆయన ముఖంలో ఆకలి కనిపించలేదు. నాకు అనుమానం వచ్చి తెలుగులో అడిగాను.

"టిఫిన్ ఏం చేశారండీ?"

"ఏముందమ్మా, నాలుగిడ్లీలు. భోజనం చెయ్యలేదు సుమా!"

ఆపరేషన్ వారం వాయిదా పడింది. మత్తులో ఉండగా ఆ ఇడ్లీలు ఊపిరితిత్తుల్లోకి పోయి ఉంటే మనిషి దక్కేవాడు కాదు. ఆయన అబద్ధం చెప్పాడని నేను ఇప్పటికీ అనుకోను. టిఫిన్ తిండి లెక్కలోకి రాదని మన ఇళ్ళల్లో అందరం నమ్ముతాం. ఆ రోజు నుంచి నేను "తిన్నారా" అని అడగడం మానేసి, "నిద్ర లేచినప్పటి నుంచి నోట్లోకి ఏం పోయింది?" అని అడగడం మొదలుపెట్టాను. కోప్పడి ప్రయోజనం లేదు, ప్రశ్న మార్చుకోవాలి.

డాక్టర్ని ఎలా ఎంచుకోకూడదు

రెడ్‌మండ్ నుంచి ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు నాకు ఎక్సెల్ షీట్ పంపించాడు. దేశమంతా గాలించి సర్జన్ల పేర్లు పట్టుకొచ్చాడు. ఒక్కొక్కరికీ పదకొండు కాలమ్‌లు. "ఇండియనా?" అన్నది ఒకటి, "నవ్వుతాడా?" అన్నది ఇంకొకటి. ఇంత చేసి చివరికి అన్నిటికన్నా చవక అని, సముద్రం దాటి ఇంకో దేశంలో చేయించుకునే ప్యాకేజీకి టిక్కు పెట్టాడు.

"తిరిగి ఎలా వస్తావు బాబూ?" అని అడిగాను.

"ఫ్లైట్‌లో ఆంటీ."

"పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంపు ఉందా?"

"ఎక్స్‌పైర్ అయింది ఆంటీ. ఆ కాలమ్ పెట్టలేదు" అన్నాడు.

ఇప్పుడు బరువు తగ్గడానికి సూదిమందులు కూడా వచ్చాయి. అయినా ఆపరేషన్ కావలసినవాళ్ళు వస్తూనే ఉంటారు. వాళ్ళకి నేను చెప్పేది ఇదే. డాక్టరు ఎన్ని ఆపరేషన్లు చేశాడని తప్పకుండా అడగండి. అది అందరూ అడుగుతారు. ఎవరూ అడగనిది ఇంకోటి ఉంది: శనివారం మధ్యాహ్నం నాకు బాగాలేకపోతే ఫోన్ ఎవరెత్తుతారు? దీనికి తడుముకోకుండా జవాబు చెప్పేవాడే మీ డాక్టరు. మా దగ్గరే రెండేళ్ళు ఒక నవ్వుల డాక్టరు ఉండేవాడు. భయపడేవాళ్ళందరినీ నేను ఆయన దగ్గరికే పంపేదాన్ని. ఎంత తియ్యగా మాట్లాడేవాడో! శుక్రవారం సాయంత్రం చేపలు పట్టడానికి చెరువుకు వెళితే సోమవారం దాకా ఫోను మాత్రం ఎత్తేవాడు కాదు. ఆ రెండేళ్ళూ ఆయన పేషెంట్ల శనివారాలన్నీ మా పెద్ద డాక్టరు చూసుకున్నాడు.

ఈ పెద్ద డాక్టరు రైతుబిడ్డ. నవ్వడు. మొదటి విజిట్‌లోనే తన చేతిలో ఏయే కేసులు చెడిపోయాయో పేషెంటుకి వరసగా చెప్పేవాడు. సగంమంది భయపడి లేచి పోయేవాళ్ళు. మిగిలిన సగం ఆయన్ని జన్మలో వదిలేవాళ్ళు కారు. ఆయనకి ఒక మొండి నియమం ఉండేది. ఆపరేషన్ తర్వాత వారం రోజులు పక్కన ఉండే మనిషి లేకపోతే కత్తి పట్టడు. ఎవరు ఏడ్చినా, ఎవరు సిఫారసు చేసినా అంతే.

ఖర్చు సంగతి కూడా చెప్పాలి. ప్యాకేజీలో ఏముందని అందరూ అడుగుతారు, మీరు ఏం లేదో అడగండి. మత్తు డాక్టరు బిల్లు విడిగా వస్తుందా, ఏదైనా తేడా వచ్చి మళ్ళీ చేర్చుకుంటే ఎవరు కట్టాలి, చెకప్‌కి రెండోసారి రావడానికి విమానం ఎంత, ఎన్నాళ్ళు విటమిన్లు కొనాలి. పక్క రాష్ట్రం నుంచి వచ్చేవాళ్ళు మొదటి చెకప్ అయ్యేదాకా మా ఊళ్ళోనే హోటల్‌లో ఉండాలి. హోటల్ డబ్బులు మిగుల్చుకుందామని మూడోరోజున ఇంటికి బయలుదేరినవాళ్ళను చూశాను. మిగిలిందేమీ లేదు.

వాసంతి వచ్చింది

పోర్టల్‌లో, అంటే ఆసుపత్రి వెబ్‌సైట్‌లో పేషెంట్లు మాకు మెసేజ్‌లు పెట్టే చోట, నేను "సూ" అని సంతకం పెట్టేదాన్ని. సుశీల అని పలకడానికి మా ఆసుపత్రివాళ్ళు పడే అవస్థ చూడలేక అలా కుదించుకున్నాను. చికాగో పక్కనున్న నేపర్‌విల్ నుంచి వి. అనే ఆవిడ మూడు నెలలు ఈ సూకి రాసింది. ఇంగ్లీషు చక్కగా ఉండేది, ప్రశ్నలు ఇంకా చక్కగా ఉండేవి. ఒక ప్రశ్న మాత్రం వింతగా అనిపించింది. మీ ఊళ్ళో ఇండియన్ గ్రాసరీ స్టోర్ ఉందా అని అడిగింది. లేదని రాశాను, పాపం ఇబ్బంది పడుతుందేమోనని సానుభూతి కూడా జోడించాను. వెంటనే "పర్ఫెక్ట్" అని జవాబు వచ్చింది.

ఆపరేషన్‌కి ముందురోజు మనిషి వచ్చింది. పేరు వాసంతి. నలభై మూడేళ్ళు, ఐటీలో మంచి ఉద్యోగం, పదేళ్ళ కూతురు. షుగర్‌కి రోజూ ఇన్సులిన్ పొడుచుకుంటోంది, రాత్రిపూట ఊపిరికి మిషను పెట్టుకుంటోంది. నా గది తలుపు తీసి, నా బొట్టు చూసి, బల్ల మీద ఉన్న నా పూర్తి పేరు చదివి, గుమ్మంలోనే నిలబడిపోయింది.

"అయ్యో, మీరు తెలుగా?" అంది, పోలీసు చేతికి చిక్కినట్టు.

"కొంచెం" అన్నాను.

కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాక అసలు కథ బయటపడింది. చికాగోలో పేరున్న సర్జన్లు ఉన్నారు. వాళ్ళ దగ్గర మన నర్సులున్నారు. ఆ నర్సుల అత్తలు, ఆడపడుచులు నేపర్‌విల్‌లోనే ఉన్నారు. అందుకని ఈవిడ సర్జన్‌ని వెతకలేదు, తెలుగువాళ్ళు లేని ఊరు వెతికింది. మ్యాప్‌లో గుడి లేని, ఇడ్లీ హోటల్ లేని ఊరు చూసుకుని నాలుగు గంటలు కారు నడుపుకుంటూ సరిగ్గా నా ఎదుటికి వచ్చి కూర్చుంది. ఉత్తరాలు ఇంటికి వస్తాయని ఇన్సూరెన్స్ కూడా వాడుకోలేదు, దాచుకున్న డబ్బు తెచ్చి కట్టింది.

"మీవారికి తెలుసా?"

"రవికా? లేదండీ. అయోవాలో రెండు వారాలు క్లయింట్ విజిట్ అని చెప్పాను." మళ్ళీ తనే, "అయోవా వరకు నిజమే కదా" అంది.

నాకు నవ్వాగలేదు. తనూ నవ్వింది. ఆ నవ్వే మా ఇద్దరి మీదికీ తెచ్చింది. నవ్వుకున్నాక మనిషి మన మనిషి అయిపోతుంది, అప్పుడు నియమాలు గుర్తుండవు.

నేను చేసిన తప్పు

పక్కన ఉండే మనిషిగా వాసంతి తన కజిన్ పేరు రాసి పంపింది. ఆ కజిన్ ఏ ఫ్లైట్‌లో వస్తోందని అడిగితే నేల చూపులు చూసింది. అలాంటి కజిన్ ఎవరూ లేరు. మా డాక్టరు నియమం సంగతి చెప్పాను.

"క్యాన్సిల్ చేయకండి, ప్లీజ్" అంది. అప్పుడు ఏడ్చింది. "రెండేళ్ళు పట్టింది నాకు ఈ డేట్ ఫిక్స్ చేసుకోవడానికి. మా నాన్నకి ఇదే షుగర్. ముందు కాలు తీసేశారు, తర్వాత కళ్ళు పోయాయి. పాపకి పదేళ్ళండీ. ఇప్పుడు వెనక్కి వెళ్తే మళ్ళీ రాను, నాకు తెలుసు."

రాదని నాకూ తెలుసు. అలా వెనక్కి వెళ్ళి తిరిగి రానివాళ్ళను లెక్కపెట్టలేనంతమందిని చూశాను. అయినా ఆ పూట నేను చేయవలసింది, రవి నంబరు అడిగి, ఇద్దరినీ మాట్లాడుకోమని పక్క గదిలో కూర్చోబెట్టడం. అది చేయలేదు. కలం తీసి ఫారంలో పక్కన ఉండే మనిషి: సుశీల అని రాశాను. ఎమర్జెన్సీ కాంటాక్ట్ దగ్గర నా సెల్ నంబరు రాశాను. బంధుత్వం దగ్గర "సిస్టర్" అని రాశాను.

మా డాక్టరు ఆ ఫారం చూసి, కళ్ళద్దాలు దించి నన్ను చూశాడు. "నీ చెల్లెలా?"

"మాలో అందరం అక్కచెల్లెళ్ళమే" అన్నాను. నిజమే కదా! నమ్మేశాడు పాపం. పక్క ఇంటావిడను పిన్ని అనే జాతి మాదని ఆయనకెలా తెలుస్తుంది?

మంగళవారం ఆపరేషన్ బ్రహ్మాండంగా జరిగింది. కడుపులో మూడొంతులు తీసేసి మిగిలినదాన్ని అరటికాయంత గొట్టంలా కుట్టేశాడు. గురువారం ఆసుపత్రి నుంచి ఎదురుగా ఉన్న హోటల్‌కి మారింది. చెకప్ మళ్ళీ మంగళవారం. అప్పటిదాకా ద్రవాలు మాత్రమే, అవీ ఔన్సు కప్పుతో రోజంతా గుక్క గుక్కగా. గటగటా తాగకూడదు, తాగడం మానకూడదు. పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలన్న సామెత మా పేషెంట్లకి అక్షరాలా వర్తిస్తుంది. రెండు సాయంత్రాలు చారు కాచి, తేట వడగట్టి తీసుకెళ్ళాను. "అక్కా" అని పిలవడం మొదలుపెట్టింది. నాకు చాలా గొప్పగా అనిపించింది, దాచుకోవడం దేనికి.

శనివారం పొద్దున వెళితే తలుపుకి "డిస్టర్బ్ చేయవద్దు" అన్న అట్ట వేలాడుతోంది. నిద్రపోనీలే అని వచ్చేశాను. ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్న నర్సుని, ఒక అట్టముక్కని నమ్మాను.

ప్రసాదం

మధ్యాహ్నం రెండింటికి మా ఇంట్లో ఆన్‌కాల్ ఫోన్ మోగింది. శనాదివారాల్లో పేషెంట్లు చేసే ఫోన్ అది.

"అక్కా, నీళ్ళు కూడా ఆగట్లేదు. గుండె దడదడలాడుతోంది. కళ్ళు తిరుగుతున్నాయి."

"రూమ్‌లోనే పడుకో, ఐదు నిమిషాల్లో వస్తున్నా."

"రూమ్‌లో లేను. నేపర్‌విల్‌లో ఉన్నా. సునీత వాళ్ళ గృహప్రవేశం. పైన బాత్రూమ్‌లో ఉన్నా."

సునీత తన ప్రాణస్నేహితురాలని, కొత్త ఇల్లు కొన్నారని వాసంతి ముందే చెప్పింది. కానీ ఇలా వెళుతుందని చెప్పలేదు. వీకెండ్ కూడా రాకపోతే సునీత ఏమనుకుంటుందని రవి పోరుపెట్టాడట. రాకపోతే అనుమానం వస్తుందని, తెల్లవారుజామున లేచి, కుట్లు పచ్చిగా ఉండగా, నాలుగు గంటలు కారు నడుపుకుంటూ వెళ్ళింది. సాయంత్రానికి హోటల్‌కి తిరిగి వచ్చేద్దామనుకుందట.

"నోట్లోకి ఏం పోయింది?" అని అడిగాను.

"ఏమీ తినలేదక్కా. ఉపవాసం అని చెప్పాను, ఎవరూ ఫోర్స్ చేయలేదు. ప్రసాదం ఒక్కటే."

దాని తెలివి చూడండి. కొసరి కొసరి వడ్డించే మనవాళ్ళ నుంచి తప్పించుకోవడానికి ఉపవాసాన్ని మించిన కవచం లేదు. కానీ అది సత్యనారాయణ వ్రతం. ఉపవాసం ఉన్న మనిషి అందరి ముందు నీళ్ళెలా తాగుతుంది? దారిలో ఒక చుక్క లేదు, పీటల పక్కన మూడు గంటలు ఒక చుక్క లేదు. చివర్లో సునీత దోసిలి నిండా రవ్వ ప్రసాదం పెట్టింది, నెయ్యి కారుతూ. ప్రసాదం వదిలేసి వెళ్ళినవాళ్ళ గతి ఏమైందో అప్పుడే కథలో విని ఉంది. ఇక కాదంటుందా! కుట్టి నాలుగురోజులైన అరటికాయంత కడుపులోకి ఆ దోసెడు రవ్వ పంపించింది.

ఒంట్లో నీళ్ళు లేక ఒళ్ళు ఎండిపోయిందా, లేదా లోపల కుట్టు విడిపోయిందా? గుండె దడ రెంటికీ ఉంటుంది. మొదటిదైతే సెలైన్‌తో సరిపోతుంది, రెండోదైతే గంటలు లెక్కపెట్టుకోవాలి.

"వెంటనే 911 కి ఫోన్ చెయ్యి."

"వద్దక్కా. కింద అరవై మంది ఉన్నారు. అంబులెన్స్ వస్తే అందరికీ..."

ఏదో పడిన చప్పుడైంది. తర్వాత మాట లేదు. మళ్ళీ చేశాను, మళ్ళీ చేశాను. మోగుతోంది కానీ ఎత్తడం లేదు.

ల్యాప్‌టాప్‌లో దాని ఫైలు తెరిచి, ఎమర్జెన్సీ కాంటాక్ట్ అన్నచోట నంబరు కూడా చూడకుండా, చేతిలో ఉన్న ఆన్‌కాల్ ఫోన్ నుంచి డయల్ నొక్కాను. వంటింట్లో పోపులపెట్టె పక్కన నా సొంత ఫోను మోగడం మొదలుపెట్టింది.

"సుశీలా, నీ ఫోను. ఎత్తు" అని కేకేశారు మూర్తి గారు.

"ఎత్తను" అన్నాను. "అది నేనే."

ఉద్యోగంలో నాకు అవమానాలు కొత్త కాదు. కానీ ఆ ఫోను అలా మోగుతూ ఉన్నంతసేపూ నేను పడిన సిగ్గు ఇంకెప్పుడూ పడలేదు. ఆ మనిషికి కష్టం వస్తే ఎవరిని పిలవాలో రాసుకునే ఒక్క గడిని, మంచితనం ఒలకబోసి, నేనే మూసేశాను. దాని మొగుడు అదే ఇంట్లో కింద హాల్లో పులిహోర తింటున్నాడు. ఆయన నంబరు నా దగ్గర లేదు. ఇల్లెక్కడో తెలియదు కాబట్టి అంబులెన్స్‌ని ఎక్కడికి పంపాలో కూడా తెలియదు.

రెండు ఫోన్లు

చికాగో దగ్గర కూచిపూడి నేర్పే పద్మ నా చిన్ననాటి స్నేహితురాలు. దానికి ఫోన్ చేసి, నేపర్‌విల్‌లో వ్రతాలు ఎవరు చేయిస్తారని అడిగాను. ఎందుకని అడక్కుండా పంతులుగారి నంబరిచ్చింది. ఆ ఒక్కరోజే అది ఎందుకని అడగలేదు. నా గొంతు అలా ఉండి ఉంటుంది.

పంతులుగారు రెండో రింగుకే ఎత్తారు.

"సునీత గారి గృహప్రవేశమా? ఇంకా ఇక్కడే ఉన్నానమ్మా, విస్తరి ముందు కూర్చున్నాను. తర్వాత మాట్లాడనా?"

"వద్దండీ. ఆ ఇంట్లో పెద్ద ఆడమనిషి ఎవరైనా ఉంటే ఫోనివ్వండి. ఇప్పుడే."

తెలుగువాళ్ళు లేని ఊరు వెతుక్కుంటూ వచ్చిన మనిషి ఆచూకీ తెలుగువాళ్ళకి రెండు ఫోన్లు చేస్తే దొరికింది. మూడు నిమిషాలు పట్టిందేమో.

ఫోనందుకున్నది సునీత వాళ్ళమ్మ రాజమణి గారు. కరీంనగర్ నుంచి వచ్చి కూతురి దగ్గర ఆరు నెలలుగా ఉంటున్నారు. పేషెంటు సంగతులు బయటివాళ్ళకి చెప్పకూడదని ఈ దేశపు చట్టం. ఒకసారి మంచితనానికి పోయి చేసిన తప్పు చాలు. నేను నర్సునని, పైన బాత్రూమ్‌లో వాసంతి పడిపోయి ఉండొచ్చని, తలుపు తీయించి 911 కి ఫోన్ చేయించమని, అంతే చెప్పాను.

"నువ్వు పరేషాన్ గాకు బిడ్డా" అన్నారావిడ, అప్పటికే మెట్లెక్కుతూ. "ముప్పై ఏండ్లు ఆడపిల్లల హాస్టల్ల వార్డెన్‌గ చేసిన. బాత్రూం తలుపులు తీపిచ్చుడు నాకు కొత్తనా?"

తలుపు తట్టిన చప్పుడు వినిపించింది. రెండుసార్లు పేరు పెట్టి పిలిచారు. జవాబు లేదు. తర్వాత ఫోన్‌లో గొణుగుడు వినిపించింది: "గీ అమెరికా తాళాలకు నడుమ సన్నటి బొక్క ఉంటది. జడపిన్ను చాలు." టక్కుమంది. "దొరికింది బిడ్డా. ఊపిరి ఆడుతున్నది. కండ్లు తెరుస్తున్నది."

నేను వంటింట్లో నేలమీద కూర్చుని ఏడ్చాను. మూర్తి గారు స్టవ్ కట్టేసి నా పక్కనే కూర్చున్నారు.

కింద అరవై మందికీ రాజమణి గారు ఒకటే మాట చెప్పారట: ఉపవాసంల కండ్లు తిరిగినయ్, పానం మంచిగనే ఉన్నది. తర్వాత నాతో మాట్లాడినప్పుడు, "కడుపు మీద పట్టీలు చూసిన. అడగలే. చెప్పాలనుకుంటే అదే చెప్తది" అన్నారు. మా ఆసుపత్రిలో గోప్యత మీద ప్రతి ఏడూ ఒక పూట ట్రైనింగ్ ఇచ్చేవాళ్ళు. ఆవిడ చేత ఇప్పించి ఉంటే పది నిమిషాల్లో అయిపోయేది.

ఔన్సు కప్పు

మా డాక్టర్‌కి ఫోన్ చేసి నిజం మొత్తం చెప్పాను, సిస్టర్‌తో సహా. ఒక్క మాట అనకుండా నేపర్‌విల్ ఎమర్జెన్సీ డాక్టర్లతో మాట్లాడాడు. స్కాన్ తీశారు. కుట్లు గట్టిగానే ఉన్నాయి. ఒళ్ళు ఎండిపోయింది, అంతే. రెండు రోజులు సెలైన్ పెట్టారు.

నేను ఆ సాయంత్రమే కారులో వెళ్ళాను. రవి మంచం పక్కన పట్టుపంచె, లాల్చీలో కూర్చుని ఉన్నాడు, భుజం మీద కండువా కూడా తీయలేదు. నేనెవరో చెప్పాను.

"క్లయింట్ విజిట్ అంది మేడమ్" అన్నాడు. "నాతో చెప్పకూడనంతగా నేనేం చేశానండీ?"

వాసంతి కళ్ళు తెరవకుండానే జవాబిచ్చింది. "నువ్వేం చేయలేదు రవీ. నేను కీటో డైట్ స్టార్ట్ చేసిన వారానికి పార్టీలో అందరికీ చెప్పావు."

"ప్రౌడ్‌గా చెప్పాను."

"అదే. ఆ రోజు నుంచి నేను ఎక్కడికెళ్ళినా అందరూ నా ప్లేట్ చూశారు. ఫెయిలయ్యాక ఇంకా ఎక్కువ చూశారు."

రవి మంచివాడే. మంచివాళ్ళ నోళ్ళు మూయించడం చెడ్డవాళ్ళకంటే కష్టం. చివరికి బల్ల మీద ఉన్న ఔన్సు కప్పు తీసుకుని, దాంట్లో నీళ్ళు పోసి, ఎంత పోయాలన్నట్టు నా వంక చూశాడు. సగం అన్నట్టు వేలు చూపించాను. వాసంతి తల కాస్త పైకెత్తి పట్టుకుని తాగించాడు. వారం ముందు నేను అడిగి ఉంటే ఈ పని మా ఊరి హోటల్‌లోనే చేసేవాడు.

మా డాక్టరు నన్ను ఉద్యోగంలోంచి తీయించలేదు, కాగితాల మీద మందలింపు మాత్రం పెట్టించాడు. సోమవారం గదిలోకి పిలిచి, ఆ ఫారం ముందు పెట్టి, "ఆమెకి ఒక మనిషి కావాలని నేను నియమం పెట్టాను. నువ్వు ఒక సంతకం ఇచ్చావు" అన్నాడు. తర్వాత రెండు వారాలు నాతో పలకలేదు. నవ్వని మనిషి కాబట్టి తేడా ఎవరికీ తెలియలేదు, నాకు తప్ప.

కాబట్టి పిల్లలూ, పేషెంట్ల మీద జాలిపడండి, చారు కాచి తీసుకెళ్ళండి, అక్కా అంటే పలకండి. కానీ వాళ్ళ ఫారంలో మీ నంబరు రాయకండి. మనం సాయంత్రం ఆరింటికి ఇంటికి పోయేవాళ్ళం.

ఆ గడి

ఏడాది చెకప్‌కి వాసంతి రవిని వెంటబెట్టుకుని వచ్చింది. ఇన్సులిన్ మానేసింది. ఫారం కొత్తగా నింపమంటే, ఎమర్జెన్సీ కాంటాక్ట్ గడిలో రవి పేరు, కింద సునీత పేరు, చోటు చాలక అంచున నిలువుగా రాజమణి గారి కరీంనగర్ నంబరు రాసింది. కరీంనగర్ నుంచి ఆవిడ వచ్చి ఏం చేస్తారని అడిగితే, "తలుపు తీస్తారక్కా" అంది.

నేను రిటైరయ్యే నెలలో పోర్టల్‌లో కొత్త మెసేజ్ వచ్చింది. నేపర్‌విల్ నుంచే. బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకోవాలనుకుంటున్నానని, విషయం చాలా గుట్టుగా ఉండాలని, ముఖ్యంగా వాసంతికి అసలు తెలియకూడదని రాసింది. కింద సునీత అని సంతకం.

పడీ పడీ నవ్వాను. నవ్వి, ఫారం చూశాను. ఎమర్జెన్సీ కాంటాక్ట్ గడి ఖాళీగా ఉంది. "ఇది నింపితే తప్ప డాక్టరుతో అపాయింట్‌మెంట్ ఇవ్వను. నా నంబరు మాత్రం అందులో రాయను" అని జవాబిచ్చాను.

రెండు రోజులు ఉలుకూ పలుకూ లేదు. మూడోరోజు పొద్దున చూస్తే గడి నిండి ఉంది. పేరు రాయలేదు, నంబరు మాత్రమే రాసింది. పేరుతో నాకు పనిలేదు. ఆ శనివారం మధ్యాహ్నం వాసంతి కోసం ఎన్నిసార్లు నొక్కానో, ఆ పది అంకెలూ నాకు కంఠతా వచ్చు. పక్కన బంధుత్వం దగ్గర "సిస్టర్" అని ఉంది. ఈసారి అది అబద్ధం కాదు కాబట్టి తారీకు ఇచ్చేశాను.